బటన్ నొక్కడం ఒక్కటే మీ పని అన్న మనిషి



రీలు అంటే ముప్పై ఆరు ఫోటోలు అనే కాలం మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. పెళ్లికో, తిరుపతి ప్రయాణానికో ఒక రీలు కొనేవాళ్లు. అది అయిపోయేదాకా ఆగి, స్టూడియోలో ఇచ్చి కడిగించేవాళ్లు. కళ్లు మూసుకున్న ఫోటోకి కూడా డబ్బు కట్టి తెచ్చుకునేవాళ్లు. మీ పిల్లలకు రీలు అంటే ఇప్పుడు పూర్తిగా వేరే సంగతి. ఆ పాత రీలు వచ్చే పసుపు డబ్బా మీద ఉండే పేరు కొడాక్. ఈ నెల ఆ పేరుని పుట్టించిన జార్జ్ ఈస్ట్‌మన్ గురించి చెప్పుకుందాం. మీ చేతిలోని ఫోన్ ఎందుకు ఒక్క వేలితో ఫోటో తీస్తుందో, దానికి మనం ఏం ఇచ్చుకుంటున్నామో ఆయన కథలో చాలావరకు ఉంది.

ఈస్ట్‌మన్ 1854 జూలై 12న అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో, వాటర్‌విల్ అనే ఊళ్లో పుట్టారు. తండ్రి రోచెస్టర్ నగరంలో ఒక కామర్స్ కాలేజీ నడిపేవారు. జార్జ్‌కి ఏడేళ్లప్పుడు తండ్రి పోయారు. తల్లి మరియా ఇంట్లో గదులు అద్దెకిచ్చి, ఉన్నవాళ్లకి భోజనం పెట్టి ముగ్గురు పిల్లలతో సంసారం ఈదారు. ఇద్దరు అక్కల్లో కేటీకి పోలియో. చక్రాల కుర్చీలోనే ఉండేది, 1870లో చనిపోయింది. పద్నాలుగేళ్లు వచ్చేసరికే జార్జ్ బడి మానేసి ఒక ఇన్సూరెన్స్ ఆఫీసులో వారానికి 3 డాలర్ల జీతానికి ఆఫీస్ బాయ్‌గా చేరారు. సాయంత్రాలు ఇంట్లో కూర్చుని అకౌంట్స్ నేర్చుకున్నారు. 1874లో రోచెస్టర్ సేవింగ్స్ బ్యాంకులో జూనియర్ క్లర్క్ అయ్యారు. జీతం వారానికి 15 డాలర్లు.

స్కూలు పత్రికలో బడి మానేసినవాడి కథా అని మీరు నవ్వుకోవచ్చు. ఆయన మానేసింది బడిని, అదీ ఇల్లు గడవక. చదవడం మాత్రం మానలేదు.

ఇరవై నాలుగేళ్ల వయసులో ఆయనకి సెలవు పెట్టి కరీబియన్‌లోని శాంటో డొమింగో వెళ్లాలని ఆలోచన వచ్చింది. వెళ్తున్నావు కదా, ఫోటోలు తీసుకురా అని తోటి ఉద్యోగి ఒకరు సలహా ఇచ్చారు. ఈస్ట్‌మన్ సరంజామా కొన్నారు. ఆ సరంజామా ఏమిటో ఒకసారి చూడండి. సబ్బుల పెట్టె అంత కెమెరా. దాన్ని నిలబెట్టే బరువైన స్టాండు. గాజు పలకలు. వాటిని ముంచే తొట్టి. రసాయనాల సీసాలు. ఒక నీళ్ల కూజా. వీటన్నిటితో పాటు ఒక డేరా. డేరా ఎందుకంటే, ఫోటో తీసే చోటే చీకటి గది కట్టుకోవాలి. అందులో గాజు పలక మీద జిగురులాంటి ద్రవం పూయాలి, వెండి లవణం కలిపిన నీళ్లలో ముంచాలి, అది తడిగా ఉండగానే కెమెరాలో పెట్టి ఫోటో తీయాలి, ఆరిపోయేలోగా కడిగేయాలి. దీన్ని నేర్చుకోవడానికే ఆయన ఒక ఫోటోగ్రాఫర్‌కి 5 డాలర్లు ఇచ్చి పాఠాలు చెప్పించుకున్నారు. అంటే వారం జీతంలో మూడో వంతు. శాంటో డొమింగో మాత్రం వెళ్లనే లేదు.

మనవైపు కూడా ఫోటో అంటే అప్పట్లో నిపుణుల పనే. సికింద్రాబాద్‌లో 1886లో స్టూడియో పెట్టిన లాలా దీన్ దయాళ్ ఈస్ట్‌మన్‌కి సమకాలికులు, ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా ఆస్థాన ఫోటోగ్రాఫర్. ఆయన గాజు నెగటివ్‌లు ఇప్పటికీ ఉన్నాయి. వాటితో తీసిన రాజుల, కోటల, వేటల బొమ్మలు చూస్తే ఆ పనితనం తెలుస్తుంది. అయితే అలాంటి ఫోటోలో మీ ముత్తాత ఉండే అవకాశం చాలా తక్కువ. ఫోటో దిగడమంటే దర్బారుకో, డబ్బున్న ఇంటికో సంబంధించిన వ్యవహారం.

ప్రయాణం రద్దయినా ఈస్ట్‌మన్‌కి ఫోటోల పిచ్చి పట్టుకుంది. ఇంత బరువు మోయకుండా ఫోటో తీయలేమా అన్నదే ధ్యాస. బ్రిటిష్ ఫోటోగ్రఫీ పత్రికల్లో, జెలటిన్‌లో వెండి లవణం కలిపి పూస్తే పలక ఆరిపోయాక కూడా పనికొస్తుందని చదివారు. ఇక పగలు బ్యాంకు, రాత్రి అమ్మ వంటగది. పొయ్యి మీద జెలటిన్ ఉడికించి, కలిపి, పూసి, పరీక్షించి, ఒక్కోసారి ఆ పొయ్యి పక్కనే నేల మీద నిద్రపోయేవారు. కాలేజీ డిగ్రీ లేదు, ల్యాబ్ లేదు. సుమారు మూడేళ్లు ఇలా గడిచాయి. పలకలకు ఒకే మందంలో పూత పూసే యంత్రం ఒకటి తయారుచేసి 1879లో లండన్‌లో పేటెంట్ తీసుకున్నారు. తల్లి ఇంట్లోనే అద్దెకుంటున్న హెన్రీ స్ట్రాంగ్ అనే ఆయన పెట్టుబడి పెట్టారు. ఆయన వ్యాపారం గుర్రపు బండ్లు తోలే కొరడాల తయారీ! 1881 జనవరి 1న ఇద్దరూ కలిసి ఈస్ట్‌మన్ డ్రై ప్లేట్ కంపెనీ మొదలుపెట్టారు. ఆ ఏడే ఆయన బ్యాంకు ఉద్యోగం వదిలేశారు.

మరుసటి ఏడే దెబ్బ పడింది. దుకాణాలకు పంపిన పలకలు పనిచేయడం లేదని ఫిర్యాదులు మొదలయ్యాయి. ఫోటో తీస్తే మసక తప్ప ఏమీ రావడం లేదు. చిన్న కంపెనీ, చేతిలో సొమ్ము అంతంత మాత్రం. చాలామంది ఈ స్థితిలో దుకాణదారు సరిగా దాచలేదనో, కొన్నవాడికి వాడటం రాలేదనో అంటారు. మనం రోజూ కస్టమర్ కేర్‌లో వినేది అదే కదా. ఈస్ట్‌మన్ పాడైన పలకలన్నీ వెనక్కి తీసుకుని సొంత ఖర్చుతో కొత్తవి ఇచ్చారు. ఫ్యాక్టరీ ఆపేశారు. ఇంగ్లండ్ వెళ్లి అక్కడి తయారీదారుల దగ్గర పని చూసి, వేరే జెలటిన్ తెచ్చి మళ్లీ మొదలుపెట్టారు. తప్పు జెలటిన్‌లో ఉందని తేలింది కానీ, ఒక జెలటిన్ పనిచేసి ఇంకొకటి ఎందుకు చేయదో తెలియడానికి నలభై ఏళ్లకు పైగా పట్టింది. 1920లలో కొడాక్ శాస్త్రవేత్త శామ్యూల్ షెపర్డ్ దాన్ని పట్టుకున్నారు. జెలటిన్ తయారయ్యేది పశువుల చర్మం, ఎముకల నుంచి. ఆ పశువులు ఆవజాతి మొక్కలు మేస్తే, ఆ ఘాటులోని గంధకం చాలా కొద్దిగా జెలటిన్‌లోకి చేరుతుంది. వెండి లవణానికి వెలుతురుని పట్టుకునే చురుకుదనం వచ్చేది ఆ కొంచెం గంధకం వల్లనే. మన పోపు డబ్బాలోని ఆవాలకీ ఫోటోకీ ఇంత సంబంధం ఉందంటే మీ సైన్స్ చదివే పిల్లలు కూడా సరదాగా వింటారు.

ఆ తర్వాత గాజు స్థానంలో చుట్టగలిగే ఫిల్మ్ వచ్చింది. మొదట కాగితం మీద, 1889 నుంచి పారదర్శకమైన ఫిల్మ్. ఈస్ట్‌మన్‌ని ఈస్ట్‌మన్‌గా చేసింది మాత్రం ఫిల్మ్ ఒక్కటే కాదు. ఫోటోగ్రాఫర్లు కొత్త ఫిల్మ్‌ని పెద్దగా పట్టించుకోలేదు. గాజుతో అలవాటైన చేతులు, గాజు మీద వచ్చేంత నాణ్యత దీనికి లేదన్నారు. అది నిజమే కూడా. అప్పుడు ఆయన ఫోటోగ్రాఫర్లని వదిలేసి, ఫోటోగ్రఫీ రానివాళ్ల వైపు తిరిగారు. వాళ్లు ఎంతమంది? మిగతా ప్రపంచమంతా.

1888లో వచ్చిన మొదటి కొడాక్ కెమెరా ఇందుకోసం తయారైంది. రెండు చేతుల్లో ఇమిడే చెక్క పెట్టె, పైన తోలు. ధర 25 డాలర్లు, లోపల వంద ఫోటోలకు సరిపడే ఫిల్మ్ ముందే పెట్టి ఉంటుంది. తాడు లాగాలి, కీ తిప్పాలి, బటన్ నొక్కాలి. అంతే. ఫోకస్ సరిచేసే పని లేదు. కంటితో చూసే అద్దం కూడా లేదు, పెట్టె పైన వి ఆకారంలో గీతలు ఉంటాయి, వాటి వెంబడి గురిపెట్టడమే. ఫోటో గుండ్రంగా వచ్చేది. లెన్స్ అంచుల్లో వచ్చే మసక ఆ గుండ్రంలో కనిపించకుండా పోతుంది, పైగా కెమెరా కొంచెం వంకరగా పట్టుకున్నా ఎవరికీ తెలియదు. వాడేవాళ్లు తప్పు చేస్తారని ముందే ఒప్పుకుని, ఆ తప్పు బయటపడకుండా వస్తువుని తయారుచేయడం ఇది. మీ ఇంట్లో అమ్మమ్మకో తాతయ్యకో బ్యాంకు యాప్ నేర్పించి విసిగిపోయి ఉంటే, ఈ తేడా మీకు వెంటనే అర్థమవుతుంది. ఆ యాప్ తయారుచేసినవాళ్లు వాడేవాళ్లని మార్చాలనుకుంటారు. ఈస్ట్‌మన్ పెట్టెని మార్చారు.

వంద ఫోటోలు అయ్యాక కెమెరాని అలాగే పోస్టులో రోచెస్టర్‌కి పంపాలి. 10 డాలర్లు కడితే ఫోటోలు కడిగి, అట్టల మీద అతికించి, కెమెరాలో కొత్త ఫిల్మ్ వేసి తిరిగి పంపుతారు. బటన్ నొక్కడం మీ వంతు, మిగతాదంతా మా వంతు అన్న అర్థం వచ్చే ప్రకటనతో ఇది ఊరూరా తెలిసింది. తొలి రోజుల్లో ప్రకటనలు ఈస్ట్‌మనే స్వయంగా రాసుకునేవారు. ఇక్కడ ఒక్క క్షణం ఆగి చూడండి. కష్టం మాయమవలేదు, చేతులు మారింది. ఒక్కరు డేరాలో పడే కష్టాన్ని వందలమంది కార్మికులు ఫ్యాక్టరీలో పడుతున్నారు. దాంతో పాటు ఇంకొకటి కూడా చేతులు మారింది. మీ ఇంటివాళ్ల వంద ఫోటోలు, మీరు చూడకముందే, ఎక్కడో రోచెస్టర్‌లో ఎవరో చూస్తున్నారు. పిల్లల పుట్టినరోజు ఫోటోలు ఫోన్ నుంచి తమంతట తామే ఎక్కడికో వెళ్లి దాచుకుంటున్నాయి కదా, ఆ ఏర్పాటుకి ఇది ముత్తాత.

కొడాక్ అన్న పేరుకి అర్థం ఏమిటని అడిగితే, ఏమీ లేదు. ఆయనకి కె అనే అక్షరం ఇష్టం, గట్టిగా, పదునుగా ఉంటుందని. తల్లితో కూర్చుని అక్షరాల ఆట బిళ్లలు అటూ ఇటూ మార్చి పేర్చారు. పేరు పొట్టిగా ఉండాలి, ఎవరూ తప్పుగా పలకకూడదు, ఇంకే వస్తువునీ గుర్తుచేయకూడదు. ఇవే ఆయన పెట్టుకున్న షరతులు. తెలుగులో పలికినా, జపనీస్‌లో పలికినా పెద్దగా మారని పేరు. ఇవాళ కొత్త కంపెనీలకు పేరు పెట్టేవాళ్లు లక్షలు తీసుకుని చెప్పే సలహా కూడా దాదాపు ఇదే.

25 డాలర్లంటే చిన్న గుమాస్తాకి దాదాపు రెండు వారాల జీతం. అందుకే అసలు మార్పు 1900లో, బ్రౌనీ అనే కెమెరాతో వచ్చింది. అట్ట పెట్టె. ధర 1 డాలర్. ఆరు ఫోటోల ఫిల్మ్ 15 సెంట్లు. ఈ కెమెరా పేరు అప్పట్లో అమెరికా పిల్లలకు బాగా తెలిసిన బొమ్మల కథల్లోని చిట్టి మనుషుల పేరు. పెట్టె మీద వాళ్ల బొమ్మలే. ప్రకటనలు నేరుగా పిల్లల కోసమే, పిల్లల క్లబ్బు, పోటీలు, బహుమతులు. మొదటి ఏడాదిలోనే లక్షన్నరకు పైగా కెమెరాలు వెళ్లాయి. పిల్లల చేతికి కెమెరా వచ్చింది కాబట్టి వాళ్లకి తోచినవి తీశారు. కుక్క, చెల్లెలు, వీధి. 1916లో ఇలాంటి బ్రౌనీ ఒకటి పద్నాలుగేళ్ల ఆన్సెల్ ఆడమ్స్‌కి తల్లిదండ్రులు ఇచ్చారు. యోసెమిటీ లోయ చూడటానికి కుటుంబంతో వెళ్లినప్పుడు. ఆ కుర్రాడు తర్వాత ఆ కొండల్నే ప్రపంచానికి చూపించిన ఫోటోగ్రాఫర్ అయ్యాడు.

ఇందులో రెండో వైపు కూడా ఉంది, దాన్ని తల్లిదండ్రులుగా మీరు గమనించే ఉంటారు. డాలర్ కెమెరాలో లాభం పెద్దగా లేదు. లాభం అంతా ఆ తర్వాత కొనే ఫిల్మ్‌లో, కడిగించడంలో. చవకగా ప్రింటర్ ఇచ్చి ఇంకు దగ్గర వసూలు చేయడం, ఉచితంగా గేమ్ ఇచ్చి లోపల నాణేలు అమ్మడం ఇదే దారి. దానికి మొదట పిల్లల్ని ఎంచుకోవడం కూడా కొత్తేమీ కాదన్నమాట.

చేతిలో పట్టే కెమెరాలు వీధుల్లోకి రాగానే జనానికి ఇంకో భయం పట్టుకుంది. అడక్కుండా ఎవరైనా ఎవరి ఫోటో అయినా తీసేయవచ్చు. 1890లో శామ్యూల్ వారెన్, లూయీ బ్రాండైస్ అనే ఇద్దరు లాయర్లు హార్వర్డ్ లా రివ్యూలో గోప్యత హక్కు మీద ఒక వ్యాసం రాశారు. క్షణంలో తీసే ఫోటోలు, వాటిని వేసుకునే పత్రికలు ఇంటి నాలుగు గోడల లోపలికి వచ్చేస్తున్నాయన్నది వాళ్ల ఆందోళన. 2017లో మన సుప్రీంకోర్టు పుట్టస్వామి కేసులో గోప్యత ప్రాథమిక హక్కని తేల్చినప్పుడు కూడా ఆ వ్యాసాన్ని ప్రస్తావించింది. వార్షికోత్సవంలో పక్కవాళ్ల పాప డాన్స్ వీడియో తీసి గ్రూపులో పెట్టాలా వద్దా అని మీరు ఆలోచించినప్పుడు, ఆ చర్చ వయసు నూట ముప్పై ఏళ్లు దాటిందని గుర్తుంచుకోండి.

ఆ ఫోటో ఎప్పటిది, ఎక్కడిది అని ఇంట్లో వాదనలు జరుగుతుంటాయి చూడండి, దానికీ 1914లో కొడాక్ ఒక ఉపాయం అమ్మింది. కెమెరా వెనుక చిన్న తలుపు తీసి, పుల్లలాంటి కలంతో తేదీ, ఊరు రాస్తే నెగటివ్ అంచు మీద అచ్చు పడేది. ఆ ఉపాయం కనిపెట్టిన హెన్రీ గేస్‌మన్‌కి కంపెనీ 3,00,000 డాలర్లు ఇచ్చింది.

అందరికీ అలా డబ్బు చేతికి అందలేదు. నెవార్క్‌లో హానిబల్ గుడ్‌విన్ అనే చర్చి పాస్టర్ ఉండేవారు. చర్చికి వచ్చే పిల్లలకు బొమ్మలు చూపించడానికి గాజు కన్నా మంచిది కావాలని వెతికి, పారదర్శకమైన ఫిల్మ్ కనిపెట్టి 1887లోనే పేటెంట్‌కి దరఖాస్తు చేశారు. అది చేతికి వచ్చింది 1898లో. ఈలోగా కొడాక్ అలాంటి ఫిల్మ్‌నే అమ్మి పెద్దదైపోయింది. గుడ్‌విన్ 1900లో చనిపోయారు. ఆయన పేటెంట్ కొన్న కంపెనీ కోర్టుకి వెళ్లి గెలిచింది. 1914లో కొడాక్ 50 లక్షల డాలర్లు కట్టి రాజీ చేసుకుంది. 1915లో ఇంకో కోర్టు, కొడాక్ పోటీదారులని అణచి గుత్తాధిపత్యం నడుపుతోందని చెప్పింది. వాడేవాళ్ల పట్ల అంత ఓపిక ఉన్న మనిషి పోటీదారుల పట్ల ఏ మాత్రం లేనివారు. పిల్లలకు ఈయన కథ చెబితే ఈ ముక్క వదిలేయకండి.

పనిచేసేవాళ్ల సంగతిలో మాత్రం ఆ కాలానికి చాలా ముందున్నారు. 1912 నుంచి లాభంలో ఉద్యోగులకు వాటా ఇచ్చే పద్ధతి పెట్టారు. 1919లో తన సొంత షేర్లలో మూడో వంతు, దాదాపు కోటి డాలర్ల విలువైనవి, ఉద్యోగులకే ఇచ్చేశారు. జీవితంలో దానం చేసింది మొత్తం 10 కోట్ల డాలర్లకు పైనే. రోచెస్టర్ విశ్వవిద్యాలయానికి, సంగీత కళాశాలకి, నల్లజాతి విద్యార్థులు చదివే టస్కెగీ, హాంప్టన్ సంస్థలకి, రోచెస్టర్‌తో పాటు లండన్, పారిస్, రోమ్, బ్రస్సెల్స్, స్టాక్‌హోమ్‌లలో పిల్లల దంతవైద్యశాలలకి. వీటిలో నాకు బాగా నచ్చింది ఎం.ఐ.టి. కథ. 1912లో ఎవరో మిస్టర్ స్మిత్ ఆ సంస్థకి 25 లక్షల డాలర్లు ఇచ్చారు, తర్వాత ఇంకా ఇస్తూ పోయారు. ఆయనెవరో ఎవరికీ తెలియదు. విద్యార్థులు మిస్టర్ స్మిత్ మీద పాటలు కూడా కట్టి పాడారు. అది ఈస్ట్‌మన్ అని 1920లో బయటపడింది. పదో తరగతి దాటని ఆయన ఇంజినీర్లు తయారయ్యే చోటుకి పేరు చెప్పకుండా ఇచ్చిన డబ్బు అది.

ప్రపంచమంతా ఫోటోలు దిగేలా చేసిన ఆయనకి ఫోటో దిగడం ఇష్టం ఉండేది కాదు. సొంత ఊళ్లో వీధిలో నడిచి వెళ్తుంటే చాలామంది గుర్తుపట్టేవాళ్లు కాదు. పెళ్లి చేసుకోలేదు. తల్లి 1907లో పోయేదాకా ఆమెతోనే. ఈస్ట్ అవెన్యూలో యాభై గదుల ఇల్లు కట్టుకున్నారు. పొద్దున్నే టిఫిన్ చేస్తుంటే ఇంట్లోనే ఒక సంగీతకారుడు ఆర్గాన్ వాయించాలి. ఆ ఇంట్లో మొక్కల హాలు కొలతలు కుదరలేదనిపించి, 1919లో ఇంటిని రెండుగా కోయించి, వెనుక భాగాన్ని 9 అడుగుల 4 అంగుళాలు జరిపించారు! ఇక్కడ మాత్రం వాస్తు పేరు చెప్పి ఎవరూ తప్పించుకోలేరు, అది పూర్తిగా ఆయన కంటికి సంబంధించిన పట్టుదల.

చివరి రెండేళ్లు వెన్నెముక జబ్బుతో నిలబడటం, నడవడం కష్టమైపోయింది. 1932 మార్చి 14న, 77 ఏళ్ల వయసులో తన ప్రాణం తానే తీసుకున్నారు. పెద్ద పిల్లలు పేరు వెతికితే ఈ సంగతి మొదటి పేజీలోనే కనిపిస్తుంది కాబట్టి, ముందు మీ నోట వినడం మంచిది. అలాంటి నొప్పికి ఇవాళ ఉన్న వైద్యం అప్పుడు లేదనీ, బాధలో ఉన్నవాళ్లు ఇంట్లో చెప్పుకుంటే సాయం దొరుకుతుందనీ వాళ్లకి తెలియాలి.

ఆయన పోయాక కూడా కంపెనీలో చాలాకాలం నిలిచినది ఒకటుంది, ఒక క్యాలెండర్. నెలకి 28, 30, 31 రోజులుండటం లెక్కలు రాసుకునేవాళ్లకి తలనొప్పి. మోజెస్ కాట్స్‌వర్త్ అనే ఆయన పదమూడు నెలల క్యాలెండర్ ఒకటి తయారుచేస్తే ఈస్ట్‌మన్ దాన్ని నెత్తిన పెట్టుకుని ప్రచారం చేశారు. ప్రతి నెలా సరిగ్గా 28 రోజులే. ప్రతి నెలా ఆదివారమే మొదలు. జూన్‌కీ జూలైకీ మధ్య సోల్ అని కొత్త నెల. మిగిలిన ఒక్క రోజు ఏ వారంలోనూ చేరదు. ఏ తేదీ ఏ వారమో చూసుకునే పనే ఉండదు. అధిక మాసాలతో, తిథులతో పెరిగిన మనకి ఇది వినడానికే నవ్వొస్తుంది. ప్రపంచం కూడా ఒప్పుకోలేదు. పండుగలు, వారాలు, పుట్టినరోజులు బటన్ నొక్కితే సర్దుకునేవి కావు. ఈస్ట్‌మన్ మాత్రం 1928లో తన కంపెనీ లెక్కలకి దాన్ని పెట్టేశారు. కొడాక్ ఆఫీసుల్లో పదమూడు నెలల సంవత్సరం అరవై ఏళ్లకు పైగా నడిచి, 1989లో ఆగింది.